ఊరూర మకాము: జాజ్ వాద్యకారుల సంచార జీవితము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాకు ముందు మాటలాడిన పెద్దలు కొందరు పురాణములను గూర్చియు, కొందరు వ్యవసాయమును గూర్చియు ప్రసంగించిరి. నాకు మాత్రము కార్యవర్గమువారు విషయమును నిర్ణయింపక నా యిష్టమునకే విడిచిపెట్టిరి. అమెరికా దేశములో జాజ్ సంగీతము వాయించువారు ఊరూర తిరుగుచు గడపిన జీవితమును గూర్చి చెప్పెదనని నేననగా, "లెక్కలు వ్రాసుకొను పంతులుగారికి ఈ బాకాల గొడవ యెందుకు?" అని మిత్రులు నవ్విరి. నవ్వదగినదే. కాని ఆ జీవితములో సగము సంగీతమైనచో తక్కిన సగము జమాఖర్చు. ఆ రెండవ సగమును గూర్చి మాటలాడుటకు నాకు కొంత అర్హత కలదని మనవి చేయుచున్నాను.

కళాకారులకు సంచారము మన దేశములో క్రొత్త కాదు. శ్రీనాథ మహాకవి కొండవీటినుండి రాజమహేంద్రవరమునకును, కర్ణాట ప్రభువుల కొలువునకును తిరిగినవాడే. పల్నాటిసీమలో జొన్నకూడు తప్ప సన్నన్నము దొరకలేదని ఆయన విసుగుకొన్న చాటువులు నేటికిని మన పెద్దల నోట వినబడుచున్నవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామములో వెలసిన నాటక సమాజమువారు ఆలుబిడ్డలతో, తెరలతో, వంటపాత్రలతో బండ్లెక్కి తెలుగునాడెల్ల తిరిగిరి. కాని శ్రీనాథునికి కోరిన అన్నము దొరకలేదు, అంతే. నేను చెప్పబోవువారికి కడుపులో ఆకలియు, చేతిలో డబ్బును, ఎదుట అంగడిలో అన్నమును ఉండియు, అమ్మువాడు లేకపోయెను.

జాజ్ అనునది ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారి సంతతి అమెరికాలో సృష్టించిన సంగీతము. ఇరువదవ శతాబ్ది మొదట న్యూ ఆర్లియన్సు నగరమున అది రూపు కట్టెను. మన విద్వాంసుడు పల్లవిని తీసికొని మనోధర్మముతో పెంచినట్లే, జాజ్ వాద్యకారుడు ఒక పాటను ఆధారము చేసికొని ఆ క్షణమున తోచినది వాయించును. నేడు వాయించినది రేపు వాయింపడు. కావున ఒక యూరిలో విన్నవారు పొరుగూరికి పోయినను క్రొత్తగానే వినుచుందురు.

ఇట్టి సంగీతమునకు 1930 ప్రాంతమున అమెరికా అంతటను గిరాకి పెరిగెను. ప్రతి పట్టణములోను నాట్యశాలలుండెను. పదునలుగురో పదునేవురో గల బాండు ఒక రాత్రి ఒక ఊరిలో, మరు రాత్రి వేరొక ఊరిలో వాయింపవలెను. జనులు కూర్చుండి వినరు, జంటలుగా నాట్యమాడుదురు. అర్ధరాత్రి దాటిన పిదప ఆట ముగియును. చెమట ఆరకముందే వాద్యములను పెట్టెలలో సర్దుకొని, బస్సెక్కి, రెండు మూడు వందల మైళ్ళు పోవలెను. తెల్లవారుజామున దిగినచోట విడిది దొరకునో లేదో తెలియదు. సాయంకాలమునకు మడత నలగని దుస్తులతో, నిద్రలేని కన్నులతో, నవ్వు ముఖముతో మరల వేదికపై కనబడవలెను. పెక్కు బాండులలో బసకును భోజనమునకును అయిన ఖర్చు వాద్యకారుడు తన జీతమునుండియే పెట్టుకొనవలెను. బత్తెములేని మకాము ఎంత కష్టమో ఉద్యోగులకు నేను చెప్పనక్కరలేదు.

ఇది అందరికిని గల కష్టము. నల్లజాతివారికి దీనిపైన వేరొకటి యుండెను. దక్షిణ రాష్ట్రములలో శాసనముచేతను, ఉత్తరమున పలుచోట్ల వాడుకచేతను, తెల్లవారి హోటళ్ళలో వారికి గది లేదు, భోజనశాలలో బల్ల లేదు, మరుగుదొడ్డికి పోవుటకు చోటు లేదు. రాత్రి వేయిమంది చప్పట్లు కొట్టిన చేతులే తెల్లవారిన పిదప తలుపులు మూసెను. న్యూయార్కు నగరము ఉత్తరముననే యున్నది గదా. 1938లో బిల్లీ హాలిడే అను గొప్ప గాయని ఆర్టీ షా అను తెల్లవాని బాండులో పాడుచు, అచ్చటి లింకన్ హోటలులో సామానులెక్కించు లిఫ్టులో పైకి పోవలసివచ్చెను. ఆ హోటలులో పాడుటకు ఆమె పనికి వచ్చెను. ముందుదారిని నడచుటకు పనికి రాలేదు.

న్యూయార్కులోని హార్లెములో నివసించిన విక్టర్ హ్యూగో గ్రీన్ అను తపాలా బంట్రోతు 1936లో ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించెను. ఏ యూరిలో ఏ యింట నల్లజాతి ప్రయాణికునకు పడక దొరకును, ఎచ్చట భోజనము పెట్టుదురు, ఎచ్చట కారునకు పెట్రోలు పోయుదురు అను జాబితా తప్ప అందు మరేమియు లేదు. దానిని గ్రీన్ బుక్ అనిరి. అది ముప్పది యేండ్లు వెలువడెను. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చి హోటళ్ళలో భేదము నిషేధించిన పిదప దాని యవసరము తీరి ఆగిపోయెను. గ్రంథాలయ సభ కావున ఒక మాట చెప్పెదను: కావ్యములకంటె అట్టి జాబితా పుస్తకము ఎక్కువ మందికి అన్నము పెట్టిన కాలము ఒకటి యుండెను.

స్త్రీలు కూడ ఈ బాటను పట్టిరి. మిసిసిపీ రాష్ట్రములోని పైనీ వుడ్స్ అను బీదపిల్లల పాఠశాలకు చందాలు కూర్చుటకై 1937లో బాలికల బాండు ఒకటి ఏర్పడెను. ఇంటర్నేషనల్ స్వీట్ హార్ట్స్ ఆఫ్ రిథమ్ అని దాని పేరు. వారు పడకలమర్చిన బస్సులోనే తినుచు, నిద్రించుచు దేశము తిరిగిరి. పిదప పాఠశాలనుండి వేరుపడి స్వతంత్రముగా వాయించిరి. వారిలో కొందరు తెల్ల యువతులును చేరిరి. నల్లవారును తెల్లవారును కలిసి ప్రయాణించుట దక్షిణమున నేరము. కావున ఆ తెల్లపిల్లలు పోలీసుల కంట బడకుండుటకై ముఖమునకు నల్లని రంగు పూసికొనిరి. విరాటుని కొలువులో పాండవుల మారువేషము మనకు తెలిసినదే. కాని వారు రాజ్యము కొరకు వేషము వేసిరి. ఈ బాలికలు తోటివారి ప్రక్కన కూర్చుండి బాకా ఊదుట కొరకు వేసిరి.

ఇక ఈ ప్రసంగమునకు నాయకుడైనవానిని గూర్చి చెప్పెదను. ఆయన పేరు ఎడ్వర్డ్ కెన్నెడీ ఎల్లింగ్టన్. 1899లో వాషింగ్టనులో జన్మించెను. దుస్తులయందును మాటయందును గల దర్జాను చూచి చిన్ననాటి స్నేహితులు డ్యూక్ అని పిలిచిరి. మన భాషలో జమీందారు వంటి మాట. 1927 మొదలు హార్లెములోని కాటన్ క్లబ్బులో ఆయన బాండు వాయించెను. అచ్చట వేదికపైనివారు నల్లవారు. డబ్బిచ్చి కూర్చుండువారు తెల్లవారు. అచ్చటినుండి రేడియో మూలమున పేరు దేశమంతటను ప్రాకగా, ఆయన సంచారమునకు బయలుదేరెను. ఆ సంచారము 1974లో మరణించువరకు ఆగలేదు.

దక్షిణ రాష్ట్రములకు పోవలసి వచ్చినపుడు ఎల్లింగ్టన్ ఏమి చేసెనో వినుడు. రెండు పుల్మన్ శయన పెట్టెలను, సామానులకొక పెట్టెను రైల్వేవారినుండి అద్దెకు తీసికొనెను. ఊరు రాగానే ఆ పెట్టెలను స్టేషనులో ప్రక్కపట్టాలపై నిలుపుదురు. పడక, భోజనము, స్నానము అన్నియు అందులోనే. ఏ హోటలువానిని యాచింప నక్కరలేదు, ఎవనితోను కాదనిపించుకొన నక్కరలేదు. ఆ పట్టణపు జనులు స్టేషనుకు వచ్చి, ఎవరో రాష్ట్రాధిపతి విడిది చేసెనన్నట్లు, ఆ పెట్టెలను చూచి పోవుచుండిరి. ఈ అద్దె పద్దును ఏ ఖాతాలో వ్రాయవలెనని నేను చాలదినములు ఆలోచించితిని. రవాణా ఖర్చా? బస ఖర్చా? పరువు అను ఖాతా మన చిట్టాలలో లేదు.

ఆయన జమాఖర్చులలో ఇంతకంటె విచిత్రమైనది వేరొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప నాట్యశాలలు తగ్గెను. ఒక్క 1946వ సంవత్సరాంతములోనే పేరుమోసిన పెద్ద బాండులు పలువురు కట్టివేసిరి. కౌంట్ బేసీ అంతవాడు 1950లో బాండును కుదించి ఏడెనిమిది మందితో కాలక్షేపము చేసెను. ఎల్లింగ్టన్ మాత్రము కచ్చేరీ ఉన్నను లేకున్నను ఏడాది పొడవున తన వారికి జీతము లిచ్చెను. బాండుకు వచ్చు రాబడి ఆ జీతములకు చాలనపుడు, ఆ లోటును తాను కూర్చిన పాటలపై వచ్చు రాయల్టీతో పూడ్చెను. మొదట చూచువానికి ఇది నష్టముగానే కనబడును. ఇంట కూర్చుండి పాటలు వ్రాసికొనుచు రాయల్టీ తినిన సుఖము కాదా?

కాని ఆ పాటలెచ్చటనుండి పుట్టెను? ఆయన వాద్యము కొరకు వ్రాయలేదు. మనిషి కొరకు వ్రాసెను. జానీ హాడ్జెస్ సాక్సోఫోనులో స్వరమును ఎట్లు జార్చునో, హ్యారీ కార్నీ మంద్రస్థాయి ఎంత నిండుగా నుండునో ఎరిగి, ఏ మడికి ఏ పైరు తగునో తెలిసిన రైతువలె స్వరములను పంచెను. రైలులోను కారులోను తోచినది కాగితముపై పెట్టి, వెంటనే తన వారిచేత వాయింపించుకొని వినెను. ఈ అవకాశము కొరకే బాండును పోషించుచున్నానని ఆయన భావము. చెరువు నీటితో పండిన పంటనుండి శిస్తు వచ్చును. ఆ శిస్తుతోనే చెరువుకట్టకు మట్టి వేయింపవలెను. మరమ్మతు ఖర్చు దండుగయని కట్టను వదలినచో శిస్తు యెన్నాళ్ళు వచ్చును? హాడ్జెస్ 1951లో బాండును విడిచిపోయెను. 1955లో తిరిగి వచ్చెను. అతడు వచ్చునప్పటికి చెరువు ఎండలేదు. 1956 జూలైలో న్యూపోర్టు ఉత్సవమున పాల్ గొన్సాల్వెస్ ఒకే పాట నడుమ ఇరువదియేడు ఆవర్తములు ఊపిరి సలుపక వాయింపగా, జనులు లేచి చిందులు త్రొక్కిరి. బాండునకు మరల మంచిరోజులు వచ్చెను.

బాటయే ప్రాణము తీసిన కథలును ఉన్నవి. క్లిఫర్డ్ బ్రౌన్ అను బాకా విద్వాంసుడు మత్తుమందుల జోలికి పోని సచ్చరిత్రుడు. 1956 జూన్ 26 రాత్రి ఫిలడెల్ఫియానుండి చికాగో కచ్చేరీకి కారులో పోవుచుండగా, వానలో పెన్సిల్వేనియా రహదారిపై కారు దొర్లి అతడును, పియానో వాయించు రిచీ పవెల్ దంపతులును మరణించిరి. బ్రౌన్ వయస్సు ఇరువదియైదు. మత్తుకు బానిసలై చెడినవారిని గూర్చి లోకము చాల చెప్పుకొనును. నిద్ర చాలక చెడినవారిని గూర్చి ఎవరును చెప్పరు.

1956 మొదలు అమెరికా ప్రభుత్వము ఈ వాద్యకారులనే రాయబారులుగా విదేశములకు పంపసాగెను. స్వదేశమున పడక లేనివారిని పరదేశమునకు ప్రతిష్ఠ కొరకు పంపుటలోని వింతను లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సహింపలేదు. 1957లో లిటిల్ రాక్ పట్టణమున నల్లజాతి పిల్లలను పాఠశాలకు రానీయకపోగా, సోవియట్ దేశపు యాత్రకు తాను పోనని ప్రకటించెను.

ఆ మరుసటి యేడు డేవ్ బ్రూబెక్ అను తెల్లవాని బాండు పోలండునుండి మన దేశము మీదుగా ఇరాకు వరకు తిరిగెను. మద్రాసులో వారు మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారితో కలిసి వాయించిరి. ఒకరి భాష ఒకరికి రాకున్నను లెక్క ఇరువురకును తెలియును గదా! ఆ యాత్రలోనే టర్కీ వీథులలో విన్న తొమ్మిదక్షరముల నడకతో బ్రూబెక్ మరుసటి యేడు ఒక రచన చేసెను. ఆయన తోటివాడు పాల్ డెస్మండ్ అయిదక్షరముల నడకతో వేరొకటి చేసెను. సంకీర్ణము, ఖండము అని మనము చెప్పుకొను లెక్కలే ఇవి.

ఈ బ్రూబెక్ బాండులో యూజీన్ రైట్ అను నల్లజాతివాడు బాస్ అను పెద్ద తీగవాద్యము వాయించుచుండెను. 1960లో దక్షిణ రాష్ట్రముల కళాశాలలలో 25 కచ్చేరీలు కుదిరెను. రైట్‌ను మాని తెల్లవానిని తెమ్మని వారు కోరిరి. బ్రూబెక్ అంగీకరింపలేదు. ఇరువదికి పైగా కచ్చేరీలు పోయినవి. ఆ రాని సొమ్మును గూర్చి ఆయన పశ్చాత్తాపపడినట్లు నేనెచ్చటను చదువలేదు.

ఎల్లింగ్టన్ కూడ 1963లో డెమాస్కసు మొదలుకొని కాబూలు, ఢిల్లీ, మద్రాసు, బొంబాయి, కలకత్తా, కొలంబోల మీదుగా బాగ్దాదు దాక తిరిగెను. ఢిల్లీలో జబ్బుపడి ఆసుపత్రిలో చేరెను. అచ్చట ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ గదివద్ద ఒక గోరువంక కూయగా, ఆ కూత తరువాత ఒక రచనయై ఫార్ ఈస్ట్ సూట్‌లో చేరెను. నవంబరు 22న కెన్నెడీ అధ్యక్షుడు హతుడైన వార్త బాండువారు అంకారాలో నుండగా వచ్చెను; యాత్ర అంతటితో నిలిచిపోయెను.

హ్యారీ కార్నీ పేరు పైన చెప్పితిని. 1927లో పదునేడేండ్ల కుర్రవాడుగా ఆ బాండులో చేరి మరల విడువలేదు. తక్కినవారు బస్సులో పోవుచుండ, కార్నీ కారు నడుపగా ఎల్లింగ్టన్ ప్రక్కసీటులో కూర్చుండి రాత్రియంతయు దారి చూపుచు, పాటలు తలపోయుచు పోవుచుండెడివాడు. ఇట్లు ఏండ్లు గడచినవి. 1974 మే 24న ఎల్లింగ్టన్ మరణించెను. న్యూయార్కులోని పెద్ద దేవాలయమున జరిగిన అంత్యక్రియలకు పదివేలమందికి పైగా వచ్చిరి. ఒప్పుకొన్న కచ్చేరీ ఒకటి మిగిలియుండెను. కుమారుడు మెర్సర్ బాండును తీసికొని అంత్యక్రియలైన వెంటనే బెర్ముడా దీవికి విమానమెక్కెను. కార్నీ ఆ యేడు అక్టోబరులో కన్నుమూసెను.