రాజకీయం మాట్లాడే ప్రసంగీకుణ్ణి దేనితో కొలుస్తాం?

(తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్, యానాం నుంచి వచ్చిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో ఇంకో భాష. అందుకే మీ ఫోన్లలోకి వచ్చే ప్రసంగాలు కూడా నాలుగైదు భాషల్లో ఉంటాయి. ఈమధ్య వాటిలో రాజకీయం బాగా పెరిగింది. ఒకాయన ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోస్తాడు. ఇంకొకాయన రోమా పత్రిక 13వ అధ్యాయం తీసి, అధికారులు దేవుడు నియమించినవారు కాబట్టి నోరు మూసుకోమంటాడు. ఇద్దరి చేతుల్లోనూ బైబిలే ఉంటుంది. వీళ్ళలో ఎవరిది యేసు బోధ అని మీరు అడుగుతున్నారు.

"తీర్పు తీర్చవద్దని ప్రభువే చెప్పాడు, దైవసేవకుల జోలికి పోవద్దు" అని పెద్దలు కొందరు అంటారు. మత్తయి 7వ అధ్యాయం మొదట్లో ఆ మాట ఉంది, నిజమే. కొంచెం కిందికి రండి. గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్ళ సంగతి, చెట్టును పండ్లను బట్టి తెలుసుకోవాలన్న సంగతి అదే అధ్యాయంలో ఉన్నాయి. మనిషి హృదయం మనకు కనిపించదు, దాని మీద తీర్పు మనది కాదు. కానీ మాట వినిపిస్తుంది, దాని పండు కనిపిస్తుంది. వాటిని పరీక్షించకుండానే ఆమేన్ అనమని ప్రభువు ఎక్కడా చెప్పలేదు.

లూకా 4వ అధ్యాయం తీయండి. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం చదివాడు. బీదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల. సామాజిక న్యాయం గురించి మాట్లాడే మాలాంటి వాళ్ళకు ఇది కంఠతా వచ్చిన వాక్యభాగం. అయితే మేము చాలాసార్లు 21వ వచనం దగ్గరే ఆపేస్తాం. అక్కడిదాకా ఊరివాళ్ళకు కోపం రాలేదు, గమనించారా? రోము ఏలుబడిలో నలుగుతున్న జనం వాళ్ళు. విడుదల మాట వాళ్ళకు తియ్యగానే ఉంది. మరి కోపం ఎప్పుడు వచ్చింది? ఇశ్రాయేలులో ఎందరో విధవరాళ్ళు ఉండగా ఏలీయాను దేవుడు సీదోను ప్రాంతపు సారెపతుకు పంపాడని, ఎందరో కుష్ఠరోగులు ఉండగా బాగుపడింది సిరియావాడైన నయమాను అని యేసు అన్నప్పుడు. నయమాను అంటే పరాయి దేశపు సేనాధిపతి, ఇశ్రాయేలు మీద దాడికి వచ్చిన సైన్యంవాడు. ఆ పేరు వినగానే సొంత ఊరివాళ్ళే లేచి, యేసును కొండకొన దాకా తోసుకుపోయారు.

నా కొలత ఇక్కడిదే. ప్రసంగీకుడు పైనున్న అధికారిని తిట్టాడా లేదా అన్నది సగమే. ఎదురుగా కూర్చున్న తన సొంత జనానికి కోపం తెప్పించే సత్యం ఎప్పుడైనా చెప్పాడా? అవతలి పక్షంలో ఉన్న మనిషి మీద కూడా దేవుని కనికరం ఉందని ఒప్పుకున్నాడా?

ఇద్దరు ప్రసంగీకుల్ని చూద్దాం. ఇద్దరూ పరాయి దేశాలవాళ్ళే. అందుకే మన పార్టీ జెండాలు పక్కనపెట్టి చూడొచ్చు.

జెర్రీ ఫాల్‌వెల్ అమెరికాలోని లించ్‌బర్గ్‌లో పెద్ద బాప్టిస్టు సంఘానికి పాస్టరు. 1965 మార్చిలో నల్లజాతివారు ఓటుహక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నడిచారు. పాస్టర్లు కూడా ఆ నడకలో ఉన్నారు. ఆ రోజుల్లోనే ఫాల్‌వెల్, పాస్టరు పని ఆత్మలను సంపాదించడమేననీ, రాజకీయం కాదనీ ప్రసంగించాడు. 1979లో ఆయనే 'మోరల్ మెజారిటీ' అనే రాజకీయ సంస్థ పెట్టాడు. 1965 నాటి మాట తప్పని ఆ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. అది లెక్కలో వేయాల్సిందే. కానీ 1985 ఆగస్టులో దక్షిణాఫ్రికా వెళ్ళి, వర్ణవివక్ష ప్రభుత్వాన్ని నడుపుతున్న బోతాను కలిసి వచ్చి, ఆ దేశం మీద ఆంక్షలు వద్దన్నాడు. దాని బంగారు నాణేలు కొనమని క్రైస్తవులకు చెప్పాడు. నల్లవారి తరఫున మాట్లాడుతున్న బిషప్ డెస్మండ్ టూటూను నకిలీ అన్నాడు. ఆ ఒక్క మాటకు క్షమాపణ చెప్పాడు గానీ వైఖరి మార్చుకోలేదు.

అదే సంవత్సరం జూలైలో టూటూ ఏం చేస్తున్నాడో చూడండి. జోహానెస్‌బర్గ్ దగ్గర డుడూజాలో ఒక భూస్థాపన జరిగింది. అక్కడ జనం ఒక మనిషిని పోలీసుల వేగు అని పట్టుకుని, కొట్టి, తగలబెట్టబోయారు. ఆ జనం టూటూ జనమే, వాళ్ళ కోపానికి కారణం కూడా ఉంది. అయినా ఆయన మధ్యలో దూరి ఆ మనిషిని బయటికి లాగాడు. కొద్ది రోజులకు అదే ఊళ్ళో ఒక యువతిని అలాగే అనుమానించి చంపేశారు. అప్పుడాయన ఇంకో భూస్థాపనలో నిలబడి, ఇలాంటివి సాగితే కుటుంబంతో దేశం విడిచి వెళ్ళిపోతానని సొంతవాళ్ళ ముఖం మీదే చెప్పాడు. బోతాను ఎదిరించిన నోరే అది.

1994లో తనవాళ్ళే గద్దెనెక్కారు. మండేలా ప్రభుత్వం పెద్ద పెద్ద జీతాలు తీసుకుంటోందని టూటూ బహిరంగంగా విమర్శించాడు. 1998లో సత్య, సయోధ్య కమిషన్ నివేదిక తమ తప్పుల్ని కూడా రాసిందని ఆ పార్టీ కోర్టుకెక్కితే, కమిషన్ అధ్యక్షుడిగా ఆయన తలవంచలేదు.

ఇద్దరూ రాజకీయం మాట్లాడినవాళ్ళే. కాబట్టి "పాస్టరు రాజకీయం మాట్లాడవచ్చా?" అన్న ప్రశ్న నాకు పెద్దగా ఉపయోగపడలేదు. ఎవరి బాధ దగ్గర ఆయనకు ఆత్మల రక్షణ ఒక్కటే గుర్తొస్తుందో, ఎవరి లాభం దగ్గర రాజకీయం గుర్తొస్తుందో చూడడం నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇక మన ఇంటికి వద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనం, ముస్లింలు ఇంకా బయటే. ఇది అన్యాయం, దీని మీద మన పాస్టర్లు మాట్లాడాలి, నేనూ మాట్లాడతాను. కానీ ఆ వేదిక మీద ఆవేశపడిన ఆయన, తన సంఘ కమిటీలో కులం చూసి పదవులు పంచితే నోరు మెదపకపోతే? కులానికో సమాధుల స్థలం ఉన్న ఊళ్ళో ఆ గోడ గురించి ఒక్క ఆదివారం కూడా ఎత్తకపోతే? మన ప్రార్థన కూడిక ఆపినప్పుడు మతస్వేచ్ఛ అని గొంతెత్తి, పక్క వీధి ముస్లిం దుకాణం మూయించినప్పుడు మౌనంగా ఉంటే? అది నజరేతువాళ్ళకు నచ్చే ప్రసంగం. ఎవరూ కొండ మీదికి తోయరు.

ఇంకొక సంగతి. బెంగళూరులో వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులే ఎక్కువ. వాళ్ళు మనవాళ్ళు, చాలాచోట్ల మన వెనక బెంచీలవాళ్ళు. కోలారు బంగారు గనుల ఊళ్ళో, మలం ఎత్తే పనిలో బతికిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆ పని పోవాలని సఫాయి కర్మచారీ ఆందోళన్ నడిపి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఆ సంస్థ వేసిన కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఇంకో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ తీర్పుల గురించి మీ సంఘంలో విన్నవాళ్ళు చేతులెత్తండి... సరే, దించండి. ఢిల్లీ రాజకీయం మీద గంటసేపు మాట్లాడే ప్రసంగీకుడికి, ఆ ఆదివారం కానుక వేసిన తల్లి సోమవారం తెల్లవారుజామున చేతి తొడుగుల్లేకుండా చెత్త ఎత్తుతుందన్న సంగతి రాజకీయంగా తోచడం లేదు.

ప్రశ్నలకు సమయం కావాలి కాబట్టి ఇక్కడ ఆపుతాను. షోలాపూర్ నుంచి వచ్చిన తమ్ముడు ముందే చీటీ పంపాడు: "ఎన్నికలప్పుడు మా పాస్టరు గారు ఒక అభ్యర్థిని వేదిక మీదికి పిలిచి, చేతులుంచి ప్రార్థన చేశారు. ఇది తప్పా అయ్యగారూ?" ప్రార్థన తప్పు కాదు, తమ్ముడూ. రెండో అభ్యర్థి వచ్చి ఉంటే ఆయన మీదా చేతులుంచేవారా అని మర్యాదగా అడుగు. మొదటాయన గెలిచి ఉంటే, మీ పేటలో కాలువ పని చేసేవాళ్ళ గురించి ఆయనతో ఎప్పుడు మాట్లాడతారని కూడా అడుగు. తోడుగా ఆ పని చేసే కుటుంబం నుంచి ఒకరిని తీసుకెళ్ళు. తర్వాతి చీటీ ఇవ్వండి.