రోజు ఎప్పుడు మొదలవుతుంది? షిఫ్టులు, బడి గంటలు, మన హక్కులు
(చిట్యాలలో తల్లిదండ్రులు, కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చిట్యాల చుట్టూ పత్తి, మిర్చి చేలున్నాయి. అక్కడి పని సూర్యుణ్ణి బట్టి సాగుతుంది. కొంత దూరం వెళితే భూపాలపల్లి సింగరేణి గనులు, చెల్పూరు కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. అక్కడి పని షిఫ్టును బట్టి సాగుతుంది. ఈ రెండింటి నడుమ పిల్లల బడి గంట ఉంది, మస్జిద్ అజాన్ ఉంది. ఈ కాలాలు ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు నష్టపోతున్నది ఎవరు? ఆ నష్టాన్ని తగ్గించుకునే మార్గమేమిటి? ఈ రెండు ప్రశ్నల కోసమే మనం ఇక్కడ కూడుకున్నాం.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. రోజు ఎప్పుడు మొదలవుతుంది? గడియారం అర్ధరాత్రి అంటుంది. మన ఇళ్లలో పెద్దలు మగ్రిబ్‌తో అంటారు. అందుకే గురువారాన్ని జుమేరాత్ అంటున్నాం. ఆ సాయంత్రంతోనే జుమా ప్రవేశిస్తుంది. గని కార్మికుడికి చట్టం మరో జవాబు చెప్పింది. అర్ధరాత్రి దాటి సాగే షిఫ్టులో పనిచేసేవారికి, షిఫ్టు ముగిసిన క్షణం నుంచి 24 గంటలను మరుసటి రోజుగా పరిగణించాలని, అర్ధరాత్రి తర్వాత చేసిన పని గంటలను ముందు రోజు లెక్కలోనే వేయాలని 1952 నాటి గనుల చట్టం 32వ సెక్షన్ నిర్దేశించింది. అంటే గురువారం రాత్రి గనిలో దిగి శుక్రవారం ఉదయం పైకి వచ్చిన కార్మికుడికి, అతడు పైకి వచ్చేదాకా గురువారమే! బొగ్గు కోసం రోజు హద్దును జరపడానికి చట్టానికి ఏ సంకోచమూ కలగలేదు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యంలో వారపు సెలవు శుక్రవారం. 1948 తర్వాత అది ఆదివారమైంది. ఆ ఆదివారం సెలవు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడగా 1890లో యజమానులు దానికి ఒప్పుకున్నారు. ముస్లిం పాలకులు సైతం శిస్తు వసూలుకు చాంద్రమాన హిజ్రీని పక్కనపెట్టి, పంటకాలానికి సరిపోయే ఫస్లీ సంవత్సరాన్ని వాడారు. పాత పహాణీలు చూసినవారికి ఈ సంగతి తెలుసు. కనుక పని దినం, సెలవు దినం, బడి గంట మనుషులు కూర్చుని చేసుకున్న ఏర్పాట్లు. మనుషులు చేసుకున్నవాటిని మనుషులు సవరించుకోవచ్చు. మేము ఈ రోజు చెప్పదలచినది ఈ ఒక్క మాటే.

ఇప్పుడు షిఫ్టుల విషయానికి వద్దాం. గనుల్లో సాధారణంగా మొదటి షిఫ్టు ఉదయం 7 నుంచి 3 వరకు, రెండవది 3 నుంచి రాత్రి 11 వరకు, మూడవది 11 నుంచి ఉదయం 7 వరకు. షిఫ్టు వారం వారం మారుతుందనుకుంటే, మూడు శుక్రవారాల్లో ఒకటి మొదటి షిఫ్టులో పడుతుంది. ఆ రోజు జుమా తప్పుతుంది. రాత్రి షిఫ్టు వారంలో జుమా దొరుకుతుంది గానీ, పగటి నిద్ర మధ్యలో తెగుతుంది. ఇలా మారే షిఫ్టులు ఒంటిపై చేసే హాని చిన్నది కాదు. శరీరపు లయను భంగపరిచే రాత్రి పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలవాటి జాబితాలో చేర్చింది. 2019లో మళ్లీ అదే నిర్ణయించింది. ఈ హాని హిందువుకైనా ముస్లింకైనా ఒక్కటే.

ఇంట్లో దాని ప్రభావం చూడండి. రెండో షిఫ్టు వారంలో పిల్లవాడు బడి నుంచి వచ్చేసరికి తండ్రి డ్యూటీకి వెళ్లిపోయి ఉంటాడు. తండ్రి వచ్చేసరికి పిల్లవాడు నిద్రలో ఉంటాడు. రాత్రి షిఫ్టు వారంలో తండ్రి పగలు నిద్రపోవాలి కనుక ఆదివారం కూడా పిల్లలు గొంతు ఎత్తి చదవరాదు. ఇక తల్లికి మూడు షిఫ్టులూ ఉంటాయి, వారపు సెలవు ఉండదు. రంజాన్‌లో సహరీకి లేచి వండేది ఆమే. టిఫిన్ డబ్బా కట్టేదీ ఆమే. ఆమెకు సాయంగా తెల్లవారుజామునే లేచేది కొడుకు కాదు, పరీక్ష రాయాల్సిన కూతురు. ఈ మాట మనకు మనం చెప్పుకోవాలి.

బడి టైంటేబుల్‌లో మరో నష్టం దాగి ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. వారానికి ఆరు రోజుల లెక్కన అందులో దాదాపు 36 శుక్రవారాలు వస్తాయి. శుక్రవారం భోజన విరామం తర్వాతి పీరియడ్ గణితమైతే, జుమాకు వెళ్లే విద్యార్థి ఏడాదిలో 36 గణితం పీరియడ్లు కోల్పోతాడు. చివరికి అతడికి లెక్కలు రావని ముద్ర పడుతుంది. తప్పు పిల్లవాడిదీ కాదు, ఉపాధ్యాయుడిదీ కాదు, టైంటేబుల్‌ది.

దీనికి పైసా ఖర్చు లేని పరిష్కారాలు రెండున్నాయి. మొదటిది, శుక్రవారం ఆ పీరియడ్‌ను ఆటలకో, గ్రంథాలయానికో కేటాయించడం. రెండవది, వారాల పేర్లతో కాకుండా ఒకటో రోజు, రెండో రోజు అంటూ అయిదు రోజుల చక్రంతో టైంటేబుల్ నడపడం. ఆరు రోజుల వారంలో అయిదు రోజుల చక్రం తిరిగితే శుక్రవారం ప్రతి వారం ఒక స్థానం జరుగుతుంది. అప్పుడు ఆ 36 పీరియడ్లు ఒకే సబ్జెక్టుపై పడకుండా, అయిదు సబ్జెక్టుల మీద ఏడేసి చొప్పున పంచుకుంటాయి. ఏడు పీరియడ్లను ఏ పిల్లవాడైనా పూడ్చుకోగలడు. ఎండల కోసం మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు పెట్టగల వ్యవస్థకు ఇది అసాధ్యమేమీ కాదు.

ఇక రంజాన్. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులది కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్లకు రుతువులన్నీ తిరిగివస్తుంది. 2025లో మార్చి 2న ఉపవాసాలు మొదలయ్యాయి. 5న ఇంటర్ పరీక్షలు ప్రారంభమై 25 వరకు సాగాయి. 21న పదో తరగతి పరీక్షలు ఆరంభమయ్యాయి. మన పిల్లలు సహరీ చేసి, నిద్ర చాలక, ఉదయం తొమ్మిదికి పరీక్ష హాలులో కూర్చున్నారు. ఇలా జరుగుతూ 2030 నాటికి రంజాన్ జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ చివర మరోసారి మొదలవుతుంది. ఇవన్నీ ముందే లెక్కకట్టగల తేదీలు. నెలవంకను బట్టి ఒక రోజు తేడా రావచ్చు, అంతే.

రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లవచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తున్నది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి, ప్రభుత్వరంగ సంస్థలకు కూడా అది వర్తిస్తుంది. దానికి మనం కృతజ్ఞులం. కానీ ఆ నాలుగు గంటలను షిఫ్టు పక్కన పెట్టి చూడండి. మొదటి షిఫ్టు వాడు మూడింటికే ఇంటికి వచ్చేశాడు. రెండో షిఫ్టు వాడు లోపలికి వెళ్లి గంటే అయింది. మూడో షిఫ్టు వాడు ఇంకా బయలుదేరనే లేదు. ముగ్గురిలో ఒక్కరికీ అది అక్కరకు రాదు. ఆఫీసు గడియారం చూసి రాసిన ఉత్తర్వు షిఫ్టు కార్మికుడిని చేరలేదు.

గని ఫ్యాను ఆపమని, టర్బైన్ ఆపమని మేము అడగడం లేదు. అవి ఆగితే ప్రాణాలకే ముప్పు. మేము అడిగేవి ఇవి. రంజాన్ నెలలో కోరుకున్నవారికి మొదటి షిఫ్టు ఇవ్వాలి, లేదా తోటి కార్మికునితో షిఫ్టు మార్చుకునే వెసులుబాటును రాతపూర్వకం చేయాలి. బతుకమ్మ, దసరా, సంక్రాంతి నాడు ఆ బాకీని మనం తీర్చాలి. కాంట్రాక్టు కార్మికుడు షిఫ్టు మార్పు అడిగినందుకు మస్టర్ పోగొట్టుకోకూడదు. పరీక్షల తేదీలు నిర్ణయించేటప్పుడు హిజ్రీ క్యాలెండర్‌నూ ముందుంచుకోవాలి; పండుగ నాడు, దాని మరునాడు పరీక్ష ఉండకూడదు. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛను, 42వ అధికరణం మానవీయమైన పని పరిస్థితులను ప్రస్తావించాయి. మన కోరికలు ఆ హద్దులోనివే.

మన బాధ్యతలూ ఉన్నాయి. జూన్ 12న బడులు తెరిచే ముందే మస్జిద్ కమిటీ ప్రధానోపాధ్యాయుని కలిసి, జుమా జమాత్ వేళను భోజన విరామానికి సరిపెట్టాలి. బయాన్ పొడిగించి పిల్లల పీరియడ్ తినకూడదు. నమాజ్ అయిన వెంటనే పిల్లలు బడికి తిరిగి చేరేలా తండ్రులు చూడాలి. రంజాన్‌లో పరీక్ష రాసే ఆడపిల్లకు వంటింటి పని తగ్గించి, ఆ పనిని మగవాళ్లు పంచుకోవాలి.

బొగ్గు కోసం రోజు హద్దు జరిగింది. ఎండ కోసం బడి గంట జరిగింది. మన పిల్లల చదువు కోసం ఒక పీరియడ్ జరగాలని అడుగుతున్నాం. ఈ వినతిపత్రంపై సంతకాలు పూర్తి కాగానే బడికి, గనికి, విద్యాశాఖకు మనమే స్వయంగా తీసుకువెళదాం. సెలవు.