గిరినాగు గూడు
(ఎలమంచిలి సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



"పాము తన పిల్లల్ని తానే తింటుంది" అని చిన్నప్పుడు మనందరం విన్నాం. పాములన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మన అనకాపల్లి జిల్లాలోనే, మాడుగుల వైపు కొండల్లో గిరినాగు ఉంది. 12 అడుగులు పెరిగే విషసర్పం. ఎండాకాలంలో ఆడపాము రాలిన ఆకులను ఒంటి చుట్టలతో కుప్పచేసి, అందులో 20, 30 గుడ్లు పెడుతుంది. పాములలో ఇలా గూడు కట్టేది ఇదొక్కటే. చేతులు లేని జీవి, చూడండి! తరువాత రెండు నెలలకు పైగా తల్లి కాపలా. పిల్లలు పొదిగే వేళకు మాత్రం వెళ్ళిపోతుంది. దాని ఆహారం ఇతర పాములే గనుక, ఆకలిమీద తన పిల్లలనే తినకుండా తప్పుకుంటుందని కొందరి ఊహ. పిల్లలకు పుట్టుకతోనే విషం ఉంటుంది, వేట ఎవరూ నేర్పనక్కరలేదు.

కొండచిలువ గుడ్లను చుట్టుకుని, ఒళ్ళు వణికించి వేడి పుట్టిస్తుంది. మొసలి పిల్లలను నోట కరచుకుని నీళ్ళలోకి చేరుస్తుంది. రక్తపింజరి పిల్లల్నే కంటుంది, కన్నాక పట్టించుకోదు. విశాఖ తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకలో వందదాకా గుడ్లు పూడ్చి సముద్రంలోకి పోతుంది. కుక్కలు తవ్వుకుపోకుండా చూడవలసింది మనుషులే.

గిరినాగుకు ఆ పాటి సాయం అందడం అరుదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసిన చేతులే కర్ర పడతాయి. తోటలో ఆకుకుప్ప కనబడితే నిప్పు పెడతాం. కొండ పక్కన జీడితోటలున్న సభ్యులు, అట్టి కుప్పను కదపకుండా అటవీశాఖకు కబురు చేయమని పనివాళ్ళకు వేసవికి ముందే చెప్పి ఉంచండి.