కుదుపు కారుదా, కాలుదా?

గేర్లు వేసే బాధ లేదు, క్లచ్ తొక్కే పని లేదు, కుట్టుమిషను తొక్కినంత తేలిక అని చెప్పి మనచేత ఈ ఆటోమేటిక్ కార్లు కొనిపించారు. మనమూ కొన్నాము. తీరా రోడ్డెక్కిన తరువాత ఏమైంది? బండి కాస్త వేగం అందుకునేసరికి తల ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు. మళ్ళీ కొంచెం పోనిస్తే మళ్ళీ అదే. పక్కన కూర్చున్నవారు మన ముఖం చూస్తారు. వెనక కూర్చున్నవారు "అబ్బాయిని నడపమంటే పోయేదిగదా" అంటారు. ఇలాంటి మాట పడి తాళంచెవి మేకుకు తగిలించేసిన ఆడవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే ముగ్గురున్నారు. నేనూ నాలుగోదాన్ని కావలసినదే.

మా కాపురం నెల్లూరు, నా పుట్టిల్లు వరికుంటపాడు. అమ్మ అక్కడే ఉంటుంది, రమ్మన్నా రాదు. మా పడమటి మండలాలలో ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే అవి తాగటానికి తగవు. ఆ లెక్కలేవీ ఎరగని రోజులలో బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు వయసు మళ్ళేసరికి వెన్నూ, మెడా, మోకాళ్ళూ కొయ్యబారిపోతాయి. మా అమ్మ మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆమెను ఆస్పత్రికి తీసుకురావాలంటే దుత్తలూరు, వింజమూరు, సంగం, బుచ్చిరెడ్డిపాలెం దాటుకుని నెల్లూరికి సుమారు వంద కిలోమీటర్లు. ఆ దారిలో కారు తల ఊపిందంటే మనకు చిరాకు వేస్తుంది, ఆమెకు ప్రాణం పోతుంది. మొదటిసారి వింజమూరు చేరకముందే, "ఏందే ఇది, మెడ ఇరిగేట్టుంది, నన్ను బస్సెక్కించు" అన్నది. నేను కారు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. నలభై దాటిన తరువాత పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకున్నది ఆమెను తీసుకురావటానికే.

సరే, ఏడుపు మాట అలా ఉంచి, ఆ కుదుపు ఎందుకొస్తుందో చూద్దాము. కారణం తెలిస్తేనే మందు తెలుస్తుంది.

ఆటోమేటిక్ అన్న మాట ఒకటేగాని, లోపలి యంత్రాలు వేరు వేరు. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారుతో దానంతట అదే గేరు మార్చుకునే పెట్టె జనంలోకి వచ్చింది. అందులో క్లచ్ బదులు నూనెతో శక్తిని అందించే ఏర్పాటు ఉంటుంది. నూనె గనుక మెత్తగా మారుతుంది, ఖరీదూ ఎక్కువే. మన చిన్న కార్లలో ఎక్కువగా ఉన్నది అది కాదు. 2014 ఫిబ్రవరిలో మారుతివారు సెలేరియో కారుతో మన దేశంలో మొదటగా తెచ్చిన ఎ.ఎం.టి. అనే రకం. ఇటలీకి చెందిన మాగ్నెటి మారెల్లి కంపెనీవారి పనితనం అది. ధరలో పెద్ద తేడా లేకుండా ఆటోమేటిక్ దొరికేసరికి మిగతా కంపెనీలూ వరసగా అదే పద్ధతి పట్టాయి.

ఈ ఎ.ఎం.టి.లో రహస్యమేమీ లేదు. గేరుపెట్టె మామూలు కారుదే, క్లచ్చూ మామూలుదే. మన ఎడమ కాలూ, ఎడమ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న మోటారు, కొంచెం నూనె, వాటికి ఆజ్ఞలిచ్చే ఒక కంప్యూటరు కలిసి చేస్తాయి. అంతే. లోపల కనపడని డ్రైవరు కూర్చుని క్లచ్ తొక్కి, గేరు మార్చి, క్లచ్ వదులుతున్నాడనుకోండి. ఆ తొక్కి వదిలే కాస్త వ్యవధిలో ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. బండి వేగం ఒక్కసారి సడలుతుంది, మన తల ముందుకు వాలుతుంది. మళ్ళీ క్లచ్ పట్టగానే బండి లాగుతుంది, తల వెనక్కు పోతుంది.

బావి దగ్గర నిండు బిందె ఒకరు ఎత్తి మరొకరి నడుముకు అందించటం మన చిన్నతనంలో అందరం చేసినదే. ఎత్తేవాళ్ళు మెల్లగా వదులుతూ, అందుకునేవాళ్ళు మెల్లగా పట్టుకుంటే నీళ్ళు తొణకవు. ఇంకా చేతులు మారకముందే ఒకరు గట్టిగా తోశారా, చీర తడిసిందన్నమాటే. కారులో ఆ తోసేది మన కుడికాలు. లోపలివాడు గేరు మార్చబోతున్నాడు, మనం యాక్సిలరేటర్ తొక్కే ఉన్నాము!

ఈ మాట నాకు చెప్పినది ఆత్మకూరులో ఒక పెద్దవయసు మెకానిక్కు. అంబాసిడర్, ఫియట్ కార్లకు స్టీరింగు పక్కనే గేరు కడ్డీ ఉన్న కాలంనుంచి పని చేసిన మనిషి. నా పక్క సీటులో కూర్చుని ఫర్లాంగు దూరం వచ్చి, "అమ్మా, కారు గేరు మార్చేటప్పుడు నువ్వు కాలు అట్టనే అదిమిపెట్టి ఉండావు. రవ్వంత ఎత్తి చూడు" అన్నాడు. చూశాను. సగం కుదుపు పోయింది. అక్షరాలా సగం.

మీరూ చేసి చూడండి. బండి కదిలిన తరువాత కాలు ఒకే బరువుతో, నెమ్మదిగా నొక్కండి. ఇంజను గొంతు పెరుగుతూ వచ్చి, ఇక మారుతుందనిపించిన చోట, మొదటి గేరునుంచి రెండుకు సామాన్యంగా పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగం దగ్గర, కాలు పూర్తిగా తీయకుండా కొంచెం సడలించండి. గేరు పడుతుంది. పడిన తరువాత మళ్ళీ నొక్కండి. నాలుగు రోజులు ఇంజను గొంతు వింటూ నడిపితే ఎప్పుడు మారుతుందో మన కాలికే తెలిసిపోతుంది. పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు వెనక్కు తిరగకుండానే మనకు తెలియటం లేదూ? ఏ.సి. వేసి ఉంటే చిన్న ఇంజను మీద ఆ బరువు కూడా పడుతుంది గనుక కుదుపు కాస్త ఎక్కువ తెలుస్తుంది. అదీ గుర్తుంచుకోండి.

లారీని దాటబోయేటప్పుడు ఇంకొక చిక్కున్నది. తొందరలో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కుతాము. లోపలివాడు "ఓహో, బలం కావాలి గాబోలు" అని గేరు తగ్గించటానికి పూనుకుంటాడు. ఆ కాస్త సేపు బండి ముందుకు పోదు, ఎదురుగా బస్సు వస్తుంటుంది, గుండె జారుతుంది, అప్పుడు ఒక్క దూకు దూకుతుంది. అందుకని గేరు కడ్డీ దగ్గర "ఎం" అనే అక్షరం ఎందుకున్నదో తెలుసుకోండి. దాటబోయే ముందే అందులోకి మార్చి, ఒక గేరు తగ్గించుకుని, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పోవాలి. నేను ఆరు నెలలు ఆ అక్షరాన్ని ముట్టుకోలేదు. మగవాళ్ళ సరదాకు పెట్టారనుకున్నాను.

కొండదారిలోనూ ఆ అక్షరమే దిక్కు. మన జిల్లావాళ్ళకు కొండదారి అంటే ముందు తిరుమల. 1974లో తెరిచిన రెండవ ఘాట్ రోడ్డు ఎక్కటానికి, 1944నాటి పాతది దిగటానికి. ఎక్కేటప్పుడు "డి"లో వదిలేస్తే ప్రతి మలుపుకూ రెండు, మూడు, మళ్ళీ రెండు అని గేర్లు వెతుక్కుంటూ కుదుపుతూనే ఉంటుంది. "ఎం"లో పెట్టి రెండో గేరులోనే ఉంచితే ఆ బాధ ఉండదు. దిగేటప్పుడు మరీ ముఖ్యం. "డి"లో దిగితే వేగం పెరిగినకొద్దీ అది పై గేరులోకి పోతుంది, ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

ఎత్తు మీద ట్రాఫిక్కులో ఆగినప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి బండిని అక్కడికక్కడే వెనక్కు పోకుండా నిలబెట్టేదాన్ని. అదేదో నేర్పు అనుకున్నాను! అలా చేస్తే క్లచ్ సగం పట్టి, సగం జారుతూ అరిగిపోతుంది. మాడు వాసన వస్తుంది. అరిగిన క్లచ్ మరింత కుదుపుతుంది. పద్ధతి ఏమిటంటే, హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచాలి. కదలవలసినప్పుడు యాక్సిలరేటర్ మెల్లగా తొక్కితే బండి ముందుకు లాగుతున్నట్టు తెలుస్తుంది, అప్పుడు హ్యాండ్‌బ్రేకు వదలాలి. వెనక్కు జారకుండా కాసేపు పట్టి ఉంచే ఏర్పాటు కొన్ని కార్లలో ఉన్నది, ఉంటే మంచిదే. సిగ్నలు దగ్గర నిమిషం పైన ఆగవలసివస్తే "ఎన్"లో పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగటం మేలు. వెనక్కు పోతూ పోతూ బండి పూర్తిగా ఆగకముందే "డి"లోకి తోయకండి.

మాటలో మాట. పెద్ద ఆటోమేటిక్ కార్లలో నిలిపి ఉంచటానికి "పి" అని ఒక స్థానం ఉంటుంది. సామాన్యంగా ఎ.ఎం.టి.లో అది ఉండదు. చాలామంది "ఎన్"లో పెట్టి దిగిపోతారు. వాలు ఉంటే బండి తన దారి తాను చూసుకుంటుంది. బ్రేకు తొక్కి ఉంచి, "డి"లోగాని "ఆర్"లోగాని ఉండగానే ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి దిగండి.

ఇంతా చేసినా మా అమ్మకు మిగిలిన సగం కుదుపు ఉన్నదిగదా. దానికోసం ఒక పెద్ద వర్క్‌షాపుకు పోయాము. నేను చెబుతుంటే అక్కడి అబ్బాయి మావారి ముఖం చూసి జవాబులిచ్చాడు. "ఈ రకం బండి ఇంతే సార్, మేడమ్ అలవాటు పడాలి" అన్నాడొకసారి. రెండోసారి పోతే మొత్తం గేరు మార్చే పరికరమే మార్చాలి, అర లక్ష పైన అవుతుందన్నాడు. ఇంతే అన్నవాడే అంతా మార్చాలంటే ఏది నమ్మేది?

ఇంటికొచ్చి చాకలిపద్దు రాసే పుస్తకంలో వెనకవైపు రాయటం మొదలుపెట్టాను. పది రోజులు రాశాను. ఏ గేరునుంచి ఏ గేరుకు మారేటప్పుడు కుదిపింది, పొద్దున చల్లగా ఉన్నప్పుడా, ఎండలో తిరిగిన తరువాతా, ఏ.సి. ఉన్నదా లేదా, ఎక్కుతున్నామా దిగుతున్నామా. గేరు మారకుండా ఒకే వేగంలో పోతున్నప్పుడు కూడా కుదిపిందా అన్నది ప్రత్యేకంగా రాశాను. ఇది ముఖ్యం సుమా! గేరు మారనప్పుడు కూడా ఎగిరెగిరి పడుతుంటే తప్పు గేరుపెట్టెలో ఉండకపోవచ్చు. స్పార్కు ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిల్స్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, మసి పట్టిన త్రాటిల్, ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, వీటిలో ఏదైనా కావచ్చు. ఇవన్నీ గేరుపెట్టెతో పోలిస్తే చిన్న ఖర్చులు.

మా కారు రాతలో తేలినది ఏమంటే, ఒకటినుంచి రెండుకూ, రెండునుంచి మూడుకూ మారేటప్పుడే కుదుపు. అదీ ఇంజను వేడెక్కిన తరువాత ఎక్కువ. మూడు నెలల కిందట ఇంత లేదు. ఆ పుస్తకం పట్టుకుని ఈసారి నేనొక్కదాన్నే, మరొక చోటికి పోయాను. అక్కడి పిల్లవాడు పుస్తకం చదివి, "అక్కా, ఇది మీరే రాసినారా?" అని అడిగి, కంప్యూటరు తగిలించి చూశాడు. క్లచ్ అరిగినకొద్దీ అది ఎక్కడ పట్టుకుంటుందో ఆ స్థానం కొంచెం కొంచెం మారుతుందట. కంప్యూటరు పాత స్థానమే గుర్తుపెట్టుకుని వదులుతుంటే కుదుపు వస్తుంది. దానికి కొత్త స్థానం నేర్పించాలి. అదీ చేశాడు, గేరు మార్చే పరికరంలో నూనె తక్కువగా ఉంటే అదీ నింపాడు. ఇంజను కింద ఒక రబ్బరు దిమ్మ చీలి ఉంటే మార్చాడు. అర లక్ష మాట అటుంచండి, ఆ నెల పాలవాడి బిల్లుకు కాస్త పైన అయింది.

బాటరీ కూడా చూపించుకోండి. గేరు మార్చే మోటారు నడిచేది దాని బలం మీదనే.

అయితే కాలి నేర్పుతో సరిపెట్టుకోకుండా వెంటనే బండి చూపించవలసిన గుర్తులు కొన్నున్నాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం అందుకోదు. మాడు వాసన తరచుగా వస్తుంది. పోతూ పోతూ దానంతట అదే "ఎన్"లోకి వచ్చేస్తుంది. గేరు గుర్తు మిణుకుతుంది, లేదా హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఇలాంటప్పుడు "ఈ రకం బండి ఇంతే" అని ఎవరన్నా ఊరుకోవద్దు. రాసి ఇమ్మనండి. రాసి ఇమ్మంటే చాలామంది మళ్ళీ ఒకసారి చూస్తారు.

మీ కారు ఎ.ఎం.టి. కాక నూనెతో నడిచే రకమో, బెల్టుతో నడిచే సి.వి.టి. రకమో అయితే పైన చెప్పిన కాలు సడలించే పద్ధతి అంతగా అక్కరలేదు. అవి సహజంగానే మెత్తన. అవి కుదుపుతున్నాయంటే ముందు గేరుపెట్టె నూనె సంగతి అడగండి. ఏ నూనె పోయాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఒకదానికి ఇంకొకటి పోస్తే చెడుతుంది.

పోయిన నెల అమ్మను మళ్ళీ తీసుకువచ్చాను. మెడ వెనక చిన్న దిండు పెట్టాను, ఏ.సి. తగ్గించాను. వింజమూరు దాటిన తరువాత చూస్తే నిద్రపోతున్నది. ఒకటినుంచి రెండుకు మారేటప్పుడు మాత్రం రవ్వంత కుదుపు ఇప్పటికీ ఉన్నది, అది యంత్రం స్వభావం. సంగం దగ్గర ఆగి బయలుదేరినప్పుడు మెలకువ వచ్చి, కళ్ళు తెరవకుండానే, "రెండు పడిందిమే, ఇంక పోనీ" అన్నది.