సన్నగిల్లుట

నేడు నేనొక వాడుక మాటను గూర్చి ముచ్చటింప దలచితిని. అది 'సన్నగిల్లుట'. మార్కాపురము, గిద్దలూరు సీమలలో రచ్చబండల మీద తరచు వినబడు మాటయే యిది.

'సన్న' యను దానినుండి పుట్టిన క్రియ యిది. అయినను సన్నబడుట వేఱు, సన్నగిల్లుట వేఱు. జ్వరపడి లేచినవాడు సన్నబడును. వాని యోపిక సన్నగిల్లును. మొదటిది కంటికి గానవచ్చు ఆకారమునకు, రెండవది లోపలి శక్తికి చెల్లును. చూపు, వినికిడి, ఆశ, ఆదరణ, ఊట, ఇవి సన్నగిల్లును. గోడ సన్నగిల్లినదని యెవరును అనరు, అది కూలును. త్రాడు తెగును, దీపము ఆరును. ఇవి క్షణములో ముగియు పనులు. సన్నగిల్లుటకు కాలము పట్టును. దినదినము చూచువానికే యది తెలియదు.

మార్కాపురపు పలకల సంగతి చూడుడు. ఆ పలకల మీద ఓనమాలు దిద్దినవారు ఎందరో కలరు. బడులలో కాగితపు పుస్తకములు పెరిగిన కొలది పలకకు ఆదరణ సన్నగిల్లెను. అది యే యొక్క దినమున జరిగినది కాదు.

కంభము చెరువును విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా, కొండల నడుమ గట్టిరి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దానిని వారసత్వ కట్టడముగా గుర్తించిరి. కీర్తి వచ్చినంతనే పూడిక తొలగదు. ఏ చెరువునకైనను ఏటేట ఒండ్రు వచ్చి అడుగున చేరును. కట్ట నిలిచియే యుండును. నీటిని బట్టు శక్తి సన్నగిల్లును. కట్టను మాత్రమే చూచి చెరువు బాగున్నదనరాదు.

బడిలోను ఇంతియే. పరీక్ష తప్పుట యొక్కనాటి వార్త. ఆనాడే బాలుని దండింతుము. వాని శ్రద్ధ సన్నగిల్లుట మాత్రము ఏడాది ముందే మొదలై యుండును. మొదట వారమున కొకనాడు బడి మానును, పిదప ఎక్కములు అప్పజెప్పుటకు జంకును, తుదకు వెనుక వరుసలో మౌనముగా గూర్చుండును. బడిలో నేను గడిపిన యేండ్లన్నిటను చూచిన వరుస యిదియే. కూలికై వలసపోవు తల్లిదండ్రుల వెంట నడచు పిల్లలయందు ఇది మఱింత త్వరగా సాగును.

అయినను ఈ మాటలో ఒక యాశ కలదు. సన్నగిల్లినది యింకను మిగిలియున్నది. బావి యెండినదని చెప్పినవాడు చేద చుట్టుకొని యింటికి పోవును. ఊట సన్నగిల్లినదని చెప్పినవాడు పూడిక తీయ మనుష్యులను బిలుచును. కావున మీ యూర ఈ మాట వినబడినప్పుడు నిట్టూర్చి యూరకుండక, 'ఎన్నాళ్లనుండి?' యని యడుగుడు. పిల్లవాని విషయమున నైనచో ఆ సాయంకాలమే యడుగుడు. సెలవు.