వంగినంత మాత్రాన విరగదు
(చేపల తొట్టెల బలాబలాలపై సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, బకాయిల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద చేపల తొట్టె ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామంది ఇళ్ళల్లో తొట్టెలున్నాయి. మనవలు ముచ్చటపడి కొనిపిస్తారు. నీళ్ళు మార్చడం, మేత వేయడం తాతల వంతు. ఈమధ్య మన సభ్యులొకరు అక్రిలిక్ తొట్టె తెచ్చుకున్నారు. నీళ్ళు నింపేసరికి ముందు పలక పొట్ట పెట్టినట్టు ముందుకు వచ్చిందట. పగిలి మనవరాలి మీద పడుతుందేమోనని ఆయనకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఆ భయంలో నిజమెంతో చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. అయితే చాలాకాలంగా చేపలు పెంచుతున్నాను, లెక్క రాసి పెట్టే అలవాటుంది. ఆ అర్హతతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు నీటి సంగతి. తొట్టె గోడ మీద నీటి ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది. తొట్టె ఎంత పొడవుంది, ముందు నుంచి వెనక్కి ఎంత వెడల్పుంది అన్నదానితో ఆ ఒత్తిడికి పని లేదు. ఆనకట్టను అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నంగా కట్టేది ఇందుకే. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు ఉన్న తొట్టె నిండా 324 లీటర్ల నీరు పడుతుంది. అంటే 324 కిలోలు. దాని ముందు పలక మీద పడే మొత్తం తోపుడు సుమారు 216 కిలోలు. అదే పొడవులో ఎత్తు 30 సెంటీమీటర్లే ఉంటే ఆ తోపుడు 54 కిలోలకు దిగుతుంది. ఎత్తు సగమైతే తోపుడు పావు వంతన్నమాట. కాబట్టి కొత్తగా కొనేవారు పొడుగాటి తొట్టె కొనండి, ఎత్తయినదాని జోలికి పోకండి. మన వయసులో అడుగు దాకా చెయ్యి పెట్టి శుభ్రం చేసుకోవడానికీ అదే వీలు.

ఇక అక్రిలిక్ సంగతి. ఇది ఒక రకం గట్టి ప్లాస్టిక్. గాజు బరువులో సగం కూడా ఉండదు. చిన్న దెబ్బకు గాజులా భళ్ళున పగలదు. కాని గాజుకున్న బిరుసు దీనికి లేదు. గాజు బిరుసు దీనికంటే ఇరవై రెట్లకు పైనే. అందువల్ల ఒకే మందం గల రెండు పలకల మీద ఒకే బరువు పడితే, గాజు వంపు కంటికి ఆనదు, అక్రిలిక్ వంపు స్పష్టంగా కనబడుతుంది. గాజు తొట్టె కంటికి కనిపించేంతగా ఉబ్బితే వెంటనే ఆలోచించాల్సిందే. అక్రిలిక్ కొంత ఉబ్బడం దాని స్వభావం. మనలో నడుము వంగినవారు ఎందరో ఉన్నారు, అందరూ రోజూ బజారుకు వెళ్ళి వస్తూనే ఉన్నారు కదా!

మందం విషయం గుర్తుంచుకోండి. పలక మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందుకే మందం దగ్గర పొదుపు పనికిరాదు. జపాన్‌లోని ఒకినావాలో 2002లో ప్రారంభమైన చురావుమి అక్వేరియంలో పెద్ద కిటికీ 22.5 మీటర్ల పొడవు, 8.2 మీటర్ల ఎత్తు ఉంటుంది. దాని అక్రిలిక్ మందం 60 సెంటీమీటర్లు. ఎత్తు పెరిగేకొద్దీ మందం ఎలా పెరగాలో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

తొట్టె పైభాగాన చుట్టూ ఉండే పట్టీ అలంకారం కోసం పెట్టింది కాదు. గోడల పై అంచులు బయటికి పోకుండా పట్టి ఉంచేది అదే. ఫిల్టరు పట్టలేదని, చెయ్యి దూరడం లేదని దాన్ని కోయించకండి. అడుగు కూడా అంతటా సమంగా ఆనాలి. ఇనుప స్టాండు మీద ముందు మందపాటి ప్లైవుడ్ వేసి, దానిమీద తొట్టె పెట్టండి.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. అక్రిలిక్ విషయంలో సామెత తిరగబడింది. బరువు మోస్తున్నకొద్దీ, కాలం గడిచేకొద్దీ, ఇది మరికాస్త వంగుతుంది. అందుకే ఈ రోజు ఎంత వంగిందన్నదానికంటే, కిందటి నెలకూ ఈ నెలకూ ఎంత పెరిగిందన్నది ముఖ్యం. కొలవడం తేలిక. ఒకే మందం గల రెండు చెక్కముక్కలు పలక రెండు చివర్లా ఆనించి, వాటి మీదుగా దారం బిగువుగా లాగండి. మధ్యలో దారానికీ పలకకూ ఉన్న ఎడాన్ని స్కేలుతో కొలవండి. చెక్క మందంలో నుంచి ఆ ఎడాన్ని తీసివేస్తే మిగిలేదే వంపు. తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. మా ఇంటి తొట్టె నింపిన రోజున 4 మిల్లీమీటర్లు, నెలకు 5. ఆ తరువాత అక్కడే నిలబడింది. నిలబడితే నిశ్చింతగా ఉండవచ్చు. నెలనెలా పెరుగుతూ పోతే మాత్రం ఉపేక్షించకూడదు.

వంపుకంటే అతుకుల మీద ఎక్కువ కన్ను వేయండి. అతుకు వెంట తెల్లని గీతలు, బుడగలు వ్యాపించడం, చెమ్మ, పలకలో వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్ళు – ఇవీ అసలు ప్రమాద సూచికలు. స్పిరిట్‌తోగాని, అద్దాలు తుడిచే మందులతోగాని తుడిస్తే అలాంటి పగుళ్ళు వస్తాయి. మంచినీళ్ళూ మెత్తని నూలుగుడ్డా చాలు.

జర్మనీలో బెర్లిన్ నగరంలోని ఒక హోటల్లో పది లక్షల లీటర్ల అక్రిలిక్ అక్వేరియం ఉండేది. 2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున అది ఒక్కసారిగా బద్దలైంది. సుమారు 1,500 చేపల్లో దాదాపు అన్నీ చనిపోయాయి, ఇద్దరు మనుషులు గాయపడ్డారు. ఆ వేళ జనం లేరు కాబట్టి సరిపోయింది. మరుసటి ఏడాది వచ్చిన నిపుణుల నివేదిక ఇదీ కారణమని తేల్చి చెప్పలేకపోయింది. అతుకు విడిపోయి ఉండవచ్చని, మరమ్మతుకు ఖాళీ చేసినప్పుడు ఎండిన అక్రిలిక్‌ను తిరిగి తడపడం వల్ల కావచ్చని, అడుగు భాగంలో పడిన నొక్కు వల్ల కావచ్చని మూడు అవకాశాలు పేర్కొంది. మన ఇంటి తొట్టెకూ దానికీ పోలిక లేదు. అయినా అతుకులు, నొక్కులు చూసుకోవాలన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

అనుమానం వస్తే కంగారు పడవద్దు. ముందు కరెంటు ప్లగ్గులు తీసేయండి. తరువాత పైపుతో నీరు పావు వంతు తగ్గించండి. 60 సెంటీమీటర్ల నీరు 45కు దిగితే, 216 కిలోల తోపుడు 122 కిలోలకు పడిపోతుంది. అంటే దాదాపు సగం భారం పోయినట్టే. చేపలు ఆ నీటిలో హాయిగా ఉంటాయి. ఈలోగా తెలిసినవారిని పిలిపించవచ్చు. పిల్లలను మాత్రం దగ్గరికి రానివ్వకండి.

మా మిత్రుని తొట్టెకు పైపట్టీ ఉంది, అతుకులు శుభ్రంగా ఉన్నాయి. కొలత రాసి పెట్టమని, నెల తరువాత మళ్ళీ కొలవమని చెప్పాను.