మరల మరల పాస్‌వర్డ్ అడిగినచో

ఉదయమున కార్యాలయమునకు వచ్చి ఉత్తరములు చూడబోదుము. అవుట్‌లుక్ పాస్‌వర్డ్ అడుగును. ఇత్తుము, మరల అడుగును. ఒకనాడు బెజవాడలో మేము పనిచేయు చోట ఇట్లే జరిగినది. తొందరపడి పదే పదే టైపు చేయగా ఖాతాకే తాళము పడినది. మచిలీపట్నము నుండి రావలసిన ప్రసంగ పాఠము ఆ పూట మా చేతికి అందలేదు.

మన జ్ఞాపకమును శంకించుటకు ముందు, అదే పాస్‌వర్డ్‌తో బ్రౌజరులో ఉత్తరములను తెరచి చూడవలెను. అచ్చట తెరచుకొన్నచో పాస్‌వర్డ్ సరియైనదే. దోషము వేరొకచోట నున్నది. సామాన్యముగా కారణములు రెండు.

పాస్‌వర్డ్ మార్చినను, పాతది విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో నిలిచియుండుట మొదటిది. దానిని తొలగించి, అవుట్‌లుక్‌ను మూసి తెరచి, క్రొత్తది ఒక్కసారి ఈయవలెను.

ప్రోగ్రాము పాతబడుట రెండవది. పేరు, పాస్‌వర్డ్ మాత్రమే పంపు పాత పద్ధతిని మైక్రోసాఫ్ట్ తన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ సేవలో 2022 అక్టోబరు 1 నుండి క్రమముగా నిలిపివేసినది. క్రొత్త పద్ధతి నెరుగని అవుట్‌లుక్ 2010కి ఎన్నిమారులు పాస్‌వర్డ్ ఇచ్చినను ఫలము లేదు, ప్రోగ్రామునే మార్చవలెను.

అడిగినదే తడవుగా ఇచ్చు అలవాటు మోసగాండ్రకు మిక్కిలి అనుకూలము. వారును అట్టి కిటికీనే మన ముందు నిలుపుదురు. కనుక రెండవమారు అడిగినపుడు చేయి ఆపి, అడుగుచున్నదెవరో చూచుకొందము.